అన్నింటికీ ‘అస్పష్టం’ అంటే సరిపోతుందా?

పడవరేవు
సోమవారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఒక చిక్కు వచ్చి పడింది, మీ సాయం కావాలి.

నూరేళ్ళు దాటిన ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. అందులో ఒక పేజీ ఉంది. పొద్దుగూకే వేళ ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం చదువుకుంటుంది. బయట గేటు దగ్గర ఎవరో ఉన్నట్టు ఉంటుంది. ఆ ఆకారానికి రచయిత వాడిన మాట ‘డిమ్’. ఉత్తరంలో ఆఖరి వాక్యం ‘యాంబిగ్యువస్’. రాసినవాడి ఉద్దేశం ‘అబ్‌స్క్యూర్’. అదంతా చదివాక ఆవిడ మనసులో మిగిలింది ‘వేగ్’ అయిన బెంగ. ఒక్క పేజీలో నాలుగు మాటలు, నాలుగూ వేరు వేరు.

నేను వరసగా మసక ఆకారం, రెండు రకాలుగా తీసుకోదగ్గ వాక్యం, అంతుపట్టని ఉద్దేశం, ఇదీ అని చెప్పలేని బెంగ అని రాసి పంపాను. ప్రూఫ్ వచ్చేసరికి నాలుగు చోట్లా ‘అస్పష్టమైన’ అని ఉంది. ఫోన్ చేస్తే ఎడిటర్ గారు ‘‘అన్నీ ఒకటేనండీ, పాఠకుడికి సాఫీగా వెళ్ళిపోతుంది’’ అన్నారు. ఆయన నా మేలు కోరేవారే. కానీ ఆ పేజీ మళ్ళీ చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది.

శుక్రవారం లోపు ప్రూఫ్ తిప్పి పంపాలి. ఇంగ్లీషు రచయితలు ఈ మాటలను నిజంగా తేడా చూసుకునే వాడతారా, లేక లేని తేడా నేనే ఊహించుకుంటున్నానా?

నీలిసిరా
సోమవారం, ఉదయం 7:15

ఉన్న తేడాయే అండీ. పదకొండేళ్ళుగా పత్రిక డెస్కులో ఉన్నాను. ఇంగ్లీషులో వచ్చే వార్తను తెలుగు చేసేటప్పుడు మా చేతికి అందేవి రెండే మాటలు. కనిపించే వస్తువైతే అస్పష్టం, రాజకీయమైతే సందిగ్ధం. ‘సందిగ్ధత నెలకొంది’ అని రాయని రోజు ఉండదు.

యాంబిగ్యువస్‌కు ద్వంద్వార్థం అనే మంచి మాట ఉంది. దాన్ని ఇప్పుడు వాడలేం. సినిమా డైలాగుల వల్ల ద్వంద్వార్థం అంటే బూతు అనే జనానికి స్థిరపడిపోయింది. ఒక నాయకుడి ప్రకటన ద్వంద్వార్థంగా ఉందని రాస్తే చదివేవాళ్ళు ఇంకేదో అనుకుంటారు. చేతిలో ఉన్న మాట అలా పోయింది, నాకు చాలా బాధ.

మాస్టారు_తెనాలి
సోమవారం, ఉదయం 8:05

అమ్మా పడవరేవూ, నీ నాలుగు మాటలూ సరిగ్గానే ఉన్నాయి. ముందు ఆ ధైర్యం తెచ్చుకో.

ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఈ మాటల తేడా పిల్లలకు ఎక్కించడానికి ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి: తేలకపోవడానికి కారణం ఎక్కడుంది? వస్తువులోనా, మధ్యనున్న వెలుతురులోనా, చూసే కంటిలోనా, చెప్పేవాడి నోటిలోనా? అది తెలిస్తే మాట దానంతట అదే దొరుకుతుంది.

‘వేగ్’ లాటిన్ మాట. తిరుగాడేది అని అర్థం. దేశదిమ్మరిని ఇంగ్లీషులో ‘వేగబాండ్’ అంటారే, అదీ ఆ మూలం నుంచి వచ్చిందే. వేగ్ అంటే ఒకచోట నిలవనిది. నీ కథలో ఆవిడ బెంగ కనిపించని బెంగ కాదు. ఇక్కడుంది అని వేలు పెట్టబోతే పక్కకు జరిగిపోయే బెంగ. ‘ఇదీ అని చెప్పలేని’ అన్నావు చూడు, బంగారం లాంటి మాట.

‘యాంబిగ్యువస్’లో యాంబి అంటే రెండువైపులా. మిగతా సగం తోలడం అనే క్రియ. అటూ ఇటూ తోలేది. రెండు దారులు ఉంటాయి, రెండూ తెల్లగా కనిపిస్తూనే ఉంటాయి, ఏ దారిన పోవాలో తెలియదు. అంటే యాంబిగ్యువస్ వాక్యంలో అస్పష్టత లేనే లేదు! రెండు అర్థాలూ స్పష్టమే. దాన్ని అస్పష్టం అనడం తప్పు.

‘అబ్‌స్క్యూర్’ చీకటి కమ్మినది. వస్తువు ఉంది, దానికి ఒక రూపమూ ఉంది, వెలుతురే లేదు. ఇక ‘నెబ్యులస్’ అని ఒకటి ఉంది, లాటిన్‌లో మంచుకూ మబ్బుకూ చెప్పే ‘నెబ్యులా’ నుంచి వచ్చింది. మన సంస్కృత నభస్సు దానికి తోబుట్టువు. మొదటిసారి ఆ సంగతి తెలిసిన రోజు నాకు పండగలాగ ఉండింది.

చెప్పేవాడి నోట్లో తప్పున్నదాన్ని ‘ఈక్వివోకల్’ అంటారు. రెండు అర్థాలకూ సమానంగా గొంతు ఇవ్వడం. ఇంగ్లాండులో ఈ మాటకు పెద్ద కథ ఉంది. 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. మరుసటి ఏడు హెన్రీ గార్నెట్ అనే జెసూట్ మతగురువును విచారించినప్పుడు, అబద్ధమాడకుండానే నిజం దాచేలా మాట్లాడటం పాపం కాదన్న వాదన మీద దేశమంతా మండిపడింది. ఆ రోజుల నాటిదే మాక్‌బెత్ నాటకం. అందులో కాపలావాడు రెండు నాలుకల మనిషి నరకం తలుపు తడుతున్నట్టు ఊహించుకుంటాడు. మంత్రగత్తెలు మాక్‌బెత్‌కు చెప్పిన జోస్యాలూ అలాంటివే. ఒక్క మాటా అబద్ధం కాదు, అన్నీ అతన్ని ముంచాయి. మనకిది కొత్తేమీ కాదు. ‘నరో వా కుంజరో వా’ అని ఇప్పటికీ అంటున్నాం కదా. ధర్మరాజు నోట వచ్చింది అబద్ధం కాదు, ద్రోణుడు విన్నది నిజమూ కాదు.

వకీలు_ఓరుగల్లు
సోమవారం, ఉదయం 9:30

మాస్టారు చెప్పిన తేడా మా కోర్టుల్లో పైసలతో ముడిపడి ఉంటది. సాహిత్యంలో పొరపాటైతే ఒక పేజీ పోతుంది, ఇక్కడ కేసు పోతుంది.

మాకు యాంబిగ్యువస్ అంటే రెండు ఖాయమైన అర్థాల మధ్య తగాదా. వేగ్ అంటే హద్దురాయి లేని పొలం. మధ్యలో ఎక్కడ నిలబడ్డా మీదే అంటారు, గట్టు ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. రెండింటికీ మందు వేరు. ఒప్పందంలో ఒక షరతు రెండు రకాలుగా అర్థమైతే, దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకంగా చదవాలన్నది పాత సూత్రం. చట్టమే హద్దు లేకుండా ఉంటే దాన్ని కొట్టేయొచ్చు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో, ఇంటర్నెట్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది చూడండి, అక్కడ తప్పుపట్టిన వాటిలో ఇదొకటి. అందులోని మాటలకు హద్దు లేదు, ఏది నేరమో మామూలు మనిషికి ముందుగా తెలిసే వీల్లేదు అన్నారు. దాన్ని తెలుగులో ‘అస్పష్టంగా ఉందని కొట్టేశారు’ అని రాస్తే అచ్చు సరిగా పడలేదేమో అనిపిస్తుంది.

యాంబిగ్యువస్‌కు అమెరికాలో ఒక ముచ్చటైన కేసు ఉంది. మెయిన్ రాష్ట్రంలో పాల వ్యాన్ల డ్రైవర్లు ఓవర్‌టైం జీతం అడిగారు. ఏ పనులకు ఓవర్‌టైం వర్తించదో చెప్పే జాబితా చివర ‘రవాణా కోసం ప్యాకింగ్ లేదా పంపిణీ’ అనే అర్థంలో ఉంది. ‘లేదా’కు ముందు కామా లేదు. పంపిణీ వేరే పనా, పంపిణీ కోసం చేసే ప్యాకింగా? డ్రైవర్లు చేసేది పంపిణీ, ప్యాకింగ్ కాదు. 2017లో కోర్టు ఇది రెండు రకాలుగా చదవొచ్చని తేల్చి డ్రైవర్ల వైపు నిలిచింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ అయింది. అక్కడ ఒక్క మాట కూడా మసకగా లేదు. చదివే దారులే రెండు.

పడవరేవు గారూ, ఒక చిన్న మాట. ఆ ఉత్తరంలో ఆఖరి వాక్యం ఏమిటో మీరు చెప్పలేదు.

ఎర్రమన్ను
సోమవారం, ఉదయం 10:50

నేను కొంచెం ఎదురు చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఇంగ్లీషులో మంచుకూ మసకకూ ఇన్ని మాటలు ఉండటం గొప్పే. కానీ వాటిలో సగం దాక్కోడానికి వాడేవే. 1946లో జార్జ్ ఆర్వెల్ రాసిన వ్యాసం నాకు చిన్నప్పటి నుంచీ గుండెలో ఉంది. మనసులో ఉన్నదొకటి, చెప్పేదొకటి అయినప్పుడు రచయిత పెద్ద పెద్ద మాటల్లోకి దూరతాడని, సముద్రంలో కటిల్‌ఫిష్ సిరా చిమ్మినట్టని ఆయన అన్నాడు. నవలాకారుడు కాన్రాడ్ మీద విమర్శకుడు ఎఫ్.ఆర్. లీవిస్ 1948లో చెప్పిందీ అదే. వర్ణనాతీతం, అగమ్యం, అగోచరం అని విశేషణాల మీద విశేషణాలు పోస్తే రహస్యం రాదు, ఉన్నది కాస్తా పలచనవుతుంది.

మనవాళ్ళకూ ఈ జబ్బు ఉంది. ఏదీ తేలకుండా రాసి, అర్థం కాలేదంటే పాఠకుడి స్థాయి అంటారు. మా ఊళ్ళో అయితే ‘‘యాల నాన్చుతావు, ఇషయం చెప్పు’’ అంటారు. కాబట్టి ఎడిటర్ అన్నదాంట్లో అంతో ఇంతో న్యాయం ఉంది. నాలుగు మాటల్లో నిజంగా పనిచేస్తున్నవి ఎన్ని అని ముందు చూసుకోవాల.

చలిదేశం
సోమవారం, మధ్యాహ్నం 2:20

ఎడిన్‌బరోలో ఉంటాను, తొమ్మిదేళ్ళయింది. ఎర్రమన్ను అన్నా, దాక్కోడం గురించి నువ్వన్నది నిజమే. కానీ ఈ మాటలు పుట్టింది దాక్కోడానికి కాదు. ఇక్కడి వాతావరణం చూస్తే తెలుస్తుంది.

ఎండాకాలం మంచి ఎండలో బయల్దేరతాను. పావుగంటలో సముద్రం మీదనుంచి చల్లటి తెల్లటి పొగమంచు వీధిలోకి జరజరా పాకుతూ వచ్చేస్తుంది. ఎదుట ఉన్న చర్చి గోపురం సగం ఉంటుంది, సగం ఉండదు. దాన్ని ఇక్కడ ‘హార్’ అంటారు. పలచగా ఉంటే ‘మిస్ట్’, దట్టమైతే ‘ఫాగ్’, దూరంలో పొడిగా కమ్మితే ‘హేజ్’. పొద్దుగూకే వెలుగును ‘గ్లోమింగ్’ అంటారు. పొగా మంచూ కలిసిన దానికి ‘స్మాగ్’ అనే మాట 1905లో పుట్టింది. 1952 డిసెంబరులో లండన్‌లో అది వేలమంది ప్రాణాలు తీసింది. ఇంత మంచులో బతికినవాళ్ళు మనసులో తేలనిదాన్ని చెప్పాల్సి వస్తే కిటికీ బయట ఉన్నదాన్నే తెచ్చుకున్నారు.

డికెన్స్ బ్లీక్ హౌస్ నవల మొదటి పేజీలో చేసింది అదే కదా. నది మీద మంచు, ఒడ్డున మంచు, ముసలివాళ్ళ గొంతుల్లో మంచు. అలా తీసుకుపోయి ఆ మంచు నడిబొడ్డున చాన్సరీ కోర్టును కూర్చోబెట్టాడు. తరాలు గడిచినా తీర్పు రాని దావాకు ఆ మంచే వర్ణన. కోర్టు వ్యవహారం అస్పష్టంగా ఉంది అని విడిగా చెప్పే పనే పడలేదు.

వకీలు_ఓరుగల్లు
సోమవారం, మధ్యాహ్నం 2:55

తమ్ముడూ, మంచు మాట తెచ్చావు కాబట్టి ఒకటి. మా దిక్కు ‘మబ్బుల లేచిన’ అంటే తెల్లారకముందు చీకట్లో లేచానని. కోస్తావాళ్ళకు మబ్బు అంటే మేఘం. మేము దాన్ని మొగులు అంటం. నా కొలీగ్ ఒకాయన విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో, మా అత్తమ్మ ‘‘మబ్బుల పోయిండ్రు’’ అంటే మనిషి పోయాడనుకుని హడలిపోయాడు. ఆ మాట ఎవరికి వారికి స్పష్టమే. రెండు ఊళ్ళు కలిసినప్పుడే రెండు అర్థాలైంది.

నీలిసిరా
సోమవారం, రాత్రి 9:10

ఇది సాహిత్యం కాదు గానీ చెప్పాలనిపిస్తోంది.

రెండేళ్ళ కిందట మా నాన్నగారి ఛాతీ స్కాన్ రిపోర్టు నా చేతికి వచ్చింది. డాక్టరు గారు మర్నాడు గానీ చూడరు. అందులో ‘ఇల్-డిఫైన్డ్ ఒపాసిటీ’ అని ఒక మాట, చివర ‘సజెస్టివ్ ఆఫ్’ అని ఇంకో మాట. అమ్మ పక్కనే కూర్చుని ‘‘ఏముంది, చదివి చెప్పు’’ అంటోంది. రోజూ ఇంగ్లీషును తెలుగు చేసే మనిషిని, ‘‘ఏదో అస్పష్టంగా ఉందట అమ్మా’’ అన్నాను. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. ‘‘వాళ్ళకే తెలీడం లేదా, అంత ముదిరిందా’’ అని తెల్లారేదాకా అడుగుతూనే ఉంది. నాన్నగారికి వచ్చింది న్యుమోనియా, తగ్గిపోయింది. ఆ టెన్షన్‌కు కారణం రిపోర్టు కాదు, నా తెలుగు.

తెల్లకోటు
సోమవారం, రాత్రి 10:35

నీలిసిరా గారూ, రేడియాలజీలో ఉన్నాను. మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా మాటలు ఇళ్ళల్లోకి వెళ్ళి ఏం చేస్తాయో మేం చూడం.

ఒపాసిటీ అంటే కాంతి, మా విషయంలో ఎక్స్‌రే, సులువుగా దాటిపోలేని చోటు. ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది. ఇల్-డిఫైన్డ్ అంటే దాని అంచులు గీత గీసినట్టు లేవని. నీళ్ళలో పాలచుక్క పడితే అంచు ఎక్కడో చెప్పలేం కదా, అలా. అది చూసేవాడికి తెలియకపోవడం కాదు, ఆ మచ్చ స్వభావమే అది. నిజానికి అంచు తేలకపోవడం మాకొక ఆధారం. న్యుమోనియా తరచు అలాగే కనిపిస్తుంది. సజెస్టివ్ ఆఫ్ అంటే ‘చూడబోతే ఫలానాలాగ ఉంది, మిగతా పరీక్షలతో కలిపి చూడండి’ అని. ‘‘ఒకచోట అంచులు కలిసిపోయిన తెల్ల మచ్చ ఉంది, ఫలానా అనుకుంటున్నారు, రేపు డాక్టరు చూసి చెప్తారు’’ అంటే సరిపోయేది. మీ తప్పేమీ లేదు, ఆ మాటలు మేము తెలుగులో తయారు చేసి ఇవ్వలేదు.

చలిదేశం
మంగళవారం, ఉదయం 4:50

తెల్లకోటు గారి ‘సజెస్టివ్ ఆఫ్’ మీద ఒక మాట. నేను లెక్కల మనిషిని, ఇది మా పాఠాల్లో చెప్పే కథ. 1951లో అమెరికా గూఢచారి విశ్లేషకులు, యుగొస్లావియా మీద దాడి జరిగే ‘సీరియస్ పాసిబిలిటీ’ ఉందని రాశారు. విదేశాంగ శాఖలో ఒకాయన, ఆ మాటకు మీ ఉద్దేశం ఎంత అని ఆ విశ్లేషకుల్లో ఒకడైన షెర్మన్ కెంట్‌ను అడిగాడు. 65కు 35 అన్నాడు కెంట్. అడిగినాయన ఉలిక్కిపడ్డాడు, ఆయన చాలా తక్కువ అనుకున్నాడట. తర్వాత కెంట్ తన బృందాన్నే అడిగి చూస్తే 20కి 80 అన్నవాళ్ళ నుంచి 80కి 20 అన్నవాళ్ళ దాకా ఉన్నారు. అందరూ కలిసి కూర్చుని ఒప్పుకున్న మాటే అది!

కెంట్ 1964లో దీని మీద వ్యాసం రాశాడు. ఇప్పుడు వాతావరణ మార్పుల అంతర్జాతీయ బృందం నివేదికల్లో ‘లైక్లీ’ అంటే నూటికి 66 పైన, ‘వెరీ లైక్లీ’ అంటే 90 పైన అని ముందే రాసి పెట్టుకుంటారు. తెలుగులో మాత్రం రెంటికీ ‘అవకాశం ఉంది’ అనే వస్తుంది.

మాస్టారు_తెనాలి
మంగళవారం, ఉదయం 7:30

ఎర్రమన్ను నాయనా, లీవిస్‌ను తెచ్చావు, సంతోషం. కాన్రాడ్ గురించి ఇ.ఎం. ఫోర్‌స్టర్ ఇంకా ఘాటుగా అన్నాడు. ఆయన అంచుల్లోనే కాదు నడిమధ్యలోనూ మంచేనని, ప్రతిభ అనే ఆ పెట్టె తెరిస్తే మణి కాక ఆవిరి ఉంటుందని.

కానీ అదే ఫోర్‌స్టర్ 1924లో రాసిన భారతదేశపు నవలలో ఏం చేశాడు? మన బీహార్‌లోని బరాబర్ గుహల్ని మరబార్ అని పేరు మార్చి పెట్టాడు. ఆ గుహ చూడబోయిన ఇంగ్లీషు అమ్మాయికి లోపల ఏం జరిగిందో చివరిదాకా చెప్పలేదు. గుహలో ఏ చప్పుడు చేసినా ఒక్కటే ప్రతిధ్వని, ‘బౌమ్’. ఆ మొండి చప్పుడు తప్ప పాఠకుడి చేతికి ఇంకేమీ ఇవ్వలేదు. ఆ నవలలోనే మర్మం వేరు, గందరగోళం వేరు అనే మాట వస్తుంది. మర్మాలంటే ఇష్టమే గానీ గందరగోళం నచ్చదని ఒక పెద్దావిడ అంటుంది. నువ్వు తిడుతున్నది గందరగోళాన్ని. అది తిట్టాల్సిందే. మర్మాన్ని వదిలిపెట్టు.

ఇంగ్లీషువాళ్ళలో ఈ చర్చ చాలా పాతది. 1757లో ఎడ్మండ్ బర్క్ భయం పుట్టాలంటే చీకటి ఉండి తీరాలన్నాడు. ఉదాహరణకు మిల్టన్ మృత్యువును వర్ణించిన చోటు చూపించాడు. మిల్టన్ ఏమన్నాడు? ఆకారం అనొచ్చో లేదో తెలియని ఆకారం అన్నాడు. అవయవాలు విడదీసి చెప్పలేం, నీడ అనొచ్చు, పదార్థం అనొచ్చు, ఏది చూసినా రెండోదానిలాగే ఉంది అన్నాడు. తల ఉన్నట్టున్న చోట కిరీటం లాంటిది ఉందన్నాడు. చూశావా, ‘అబ్‌స్క్యూర్’ అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. చెప్పబోయి, చెప్పింది వెనక్కి తీసుకుంటూ నడిచాడు. మంచి రచయిత తేలనిదానికి పేరు పెట్టి ఊరుకోడు, దాని ముందు మనల్ని నిలబెడతాడు.

అందుకే పడవరేవూ, వకీలు గారు అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతున్నాను. ఆ వాక్యం ఏది?

పడవరేవు
మంగళవారం, రాత్రి 8:15

ఆలస్యానికి క్షమించండి, ఇంట్లో చుట్టాలు.

ఉత్తరం రాసింది ఆవిడ భర్త. ఎక్కడో పరాయి ఊళ్ళో ఉన్నాడు, కూడా అతని చెల్లెలు ఉంది. ఆఖరి వాక్యంలో ఆ పాత ఇంటికి మళ్ళీ వెళ్ళబోమని రాస్తాడు. నేను చేసింది ఇది: ‘‘ఇక ఆ ఇంటికి మనం వెళ్ళం.’’

వకీలు_ఓరుగల్లు
మంగళవారం, రాత్రి 8:40

అమ్మా, ఇంగ్లీషులో ఉన్నది ‘వి’ కదా? అందులో భార్య ఉన్నదా లేదా? తగాదా అంతా అక్కడ లేదా?

పడవరేవు
మంగళవారం, రాత్రి 8:52

అయ్యో.

నాలుగు విశేషణాల కోసం నాలుగు రోజులు కొట్టుకున్నాను, అసలు వాక్యాన్నే చంపేశాను. ‘మనం’ అంటే ఆవిడనూ కలుపుకున్నట్టే. ‘మేము’ అంటే ఆవిడను వదిలేసినట్టే. ఇంగ్లీషులో ఒకే ‘వి’, అందుకే ఆవిడ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతుంది. నా తెలుగులో అయితే ఆవిడ అన్నిసార్లు చదవాల్సిన అవసరమే లేదు. ఇప్పుడేం చేయను? మనకు ‘మనం’, ‘మేము’ రెండూ ఉండటమే శాపమైందా?

ఎర్రమన్ను
మంగళవారం, రాత్రి 11:30

శాపం కాదక్కా. కర్తను తీసేయి.

‘‘ఇక ఆ ఇంటికి వెళ్ళం.’’

మనం వెళ్ళం, మేము వెళ్ళం. క్రియ రెండింటికీ ఒకటే. కర్త లేకపోయినా తెలుగు వాక్యం నిండుగానే ఉంటుంది, ఎవరికీ ఏదో దాచినట్టు అనిపించదు. ఆవిడకు ఒక్కదానికే అనిపిస్తుంది. ఇంగ్లీషులో కర్తను ఇంత సులువుగా తీసేయలేరు. నిన్న నేను వాదించింది వేరే, ఈ పేజీ వేరే. ఇక్కడ ఆ రెండు దారులూ ఉండాల్సిందే.

మాస్టారు_తెనాలి
బుధవారం, ఉదయం 5:55

మన అనంతపురం ఎర్రమన్ను రాసిన ఈ వాక్యానికి నా నమస్కారం. తెల్లవారుజామున చదివి రెండుసార్లు పైకి అనుకున్నాను. విమర్శకుడు విలియమ్ ఎంప్సన్ కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టి, 24 ఏళ్ళ వయసులో, 1930లో, యాంబిగ్విటీలో ఏడు రకాలున్నాయని పుస్తకం వేశాడు. అది దోషం కాదు, కవిత్వం వేళ్ళు అక్కడే ఉన్నాయని ఆయన వాదన. ‘వెళ్ళం’ అన్న ఒక్క మాటలో పెళ్ళాం ఉందో లేదో తేలని వాక్యం ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో!

చలిదేశం
బుధవారం, ఉదయం 6:10

అక్కా, గేటు దగ్గర ఆకారం సంగతి కూడా చూడండి. అక్కడ ఏం రాశారు? ‘నిలబడ్డాడు’ అన్నారా?

అడగడానికి కారణం ఉంది. జెనెట్ వింటర్‌సన్ 1992లో రాసిన ఒక నవలలో కథ చెప్పే మనిషి ఆడో మగో చివరిదాకా తెలియదు. ఇంగ్లీషులో ‘ఐ’తో అది కుదిరింది. హిందీలో అయితే ‘ఆయా’, ‘ఆయీ’ అని మొదటి పేజీలోనే బయటపడుతుంది. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఆడా మగా లేదు, ఇట్టే వచ్చేస్తుంది. కానీ మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి మనకు డు, ది అడ్డుపడతాయి.

పడవరేవు
బుధవారం, ఉదయం 7:25

‘ఎవరో నిలబడ్డాడు’ అనే రాశాను. చూసుకోలేదు. ఇంగ్లీషులో ‘ఫిగర్’ అని మాత్రమే ఉంది. మగా ఆడా చెప్పలేదు, మనిషని కూడా గట్టిగా చెప్పలేదు.

‘ఎవరో నిలబడి ఉన్నారు’ అంటే ఆడా మగా దాగుతుంది గానీ మనిషని ఖాయం అయిపోతుంది.

నీలిసిరా
బుధవారం, ఉదయం 8:00

‘‘గేటు దగ్గర మసగ్గా నిలబడి ఉంది.’’

తెలుగులో ‘ఉంది’ ఆడమనిషికీ చెల్లుతుంది, వస్తువుకూ చెల్లుతుంది. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన దయ్యాల కథ గుర్తొచ్చింది. కొలను అవతలి ఒడ్డున ఒకామె కనిపిస్తుంది. అది నిజంగా దయ్యమా, చూసిన పంతులమ్మ మనసులో పుట్టిందా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. దాన్ని తెలుగు చేస్తే ‘అవతలి ఒడ్డున నిలబడి ఉంది’ అంటే చాలు. ఆమె అని చెప్పక్కర్లేదు, అది అని చెప్పక్కర్లేదు. మన వ్యాకరణంలో ఆ చోటు ముందే ఉంది.

తెల్లకోటు
బుధవారం, ఉదయం 8:20

‘మసగ్గా నిలబడి ఉంది’ చదవగానే వెన్ను జలదరించింది. అది ఉంచండి.

పడవరేవు
శుక్రవారం, సాయంత్రం 6:05

ప్రూఫ్ ఇప్పుడే పంపాను. ముందు ఎడిటర్ గారికి ఫోన్ చేసి, మాస్టారు చెప్పిన ప్రశ్న ఒక్కటే అడిగాను: ఈ నాలుగింటిలో తేలకపోవడానికి కారణం ఎక్కడుంది అని. ఆయన పేజీ తెరిచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘‘మళ్ళీ చదవండి’’ అన్నారు. చదివాను.

గేటు దగ్గర మసగ్గా నిలబడి ఉంది. ‘ఇక ఆ ఇంటికి వెళ్ళం’ అన్న వాక్యాన్ని ఆవిడ ఒకసారి తనను కలుపుకుని చదివింది, ఒకసారి తను లేకుండా చదివింది. అతని ఉద్దేశం అంతుపట్టలేదు. ఇదీ అని చెప్పలేని బెంగ.

‘యాంబిగ్యువస్’ అనే విశేషణం పోయింది, దాని బదులు ఆవిడ రెండుసార్లు చదవడం వచ్చింది. ఆ స్వేచ్ఛ తీసుకోవచ్చా అని ఆయన్నే అడిగాను. ‘‘తీసుకోండి, కానీ ‘అంతుపట్టలేదు’ దగ్గర నాకింకా మనసు ఒప్పడం లేదు, అది చీకటి మాట కాదు కదా, లోతు మాట’’ అన్నారు. ఆయన అన్నది సబబే. అబ్‌స్క్యూర్‌లో వెలుతురు లేకపోవడం ఉంది, అంతుపట్టకపోవడంలో అడుగు తగలకపోవడం ఉంది. సోమవారం దాకా గడువు ఇచ్చారు. చీకటిలోంచి వచ్చే మాట ఎవరికైనా తడితే రాయండి. రాత్రంతా మేలుకునే ఉంటాను.

వకీలు_ఓరుగల్లు
శుక్రవారం, సాయంత్రం 6:40

‘అతని మనసులో ఏమున్నదో మబ్బుల ఉన్నది.’ మా మబ్బు, మీ మబ్బు కాదు. పనికొస్తదేమో చూడండి.